ఆర్డర్ టేబుల్‌కి చిన్న స్టేట్ మెషిన్: లైబ్రరీ లేకుండా, ఒక్క కాలమ్‌తో

పచ్చళ్ళు ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న అప్లికేషన్ ఒకటి తీసుకుందాం. ఆర్డర్ల టేబుల్‌లో మొదట 'డబ్బు వచ్చిందా' అని ఒక బూలియన్ (అవును/కాదు) కాలమ్ పెడతారు. కొన్నాళ్ళకి 'ప్యాక్ అయిందా' వస్తుంది, తర్వాత 'పంపామా', ఆ తర్వాత ఎవరో కస్టమర్ ఫోన్ చేసి వద్దంటే 'క్యాన్సిల్ అయిందా'. ఏ కాలమ్‌కి ఆ కాలమ్, పెట్టిన రోజున సబబుగానే ఉంటుంది. కానీ నాలుగు బూలియన్లంటే 16 కలయికలు, వాటిలో అర్థం ఉన్నవి ఐదో ఆరో. మిగతావి కూడా డేటాబేస్‌కి సమ్మతమే: డబ్బు రాలేదు కానీ పంపేశాం, క్యాన్సిల్ అయింది కానీ ప్యాకింగ్ జరుగుతోంది. అలాంటి రో (టేబుల్‌లో ఒక వరస) ఒకటి ప్రొడక్షన్‌లో బయటపడిన రోజున అది అలా ఎందుకు తయారైందో చెప్పడం ఎవరి తరమూ కాదు, ఎందుకంటే ఆ నాలుగు కాలమ్‌లనీ కోడ్‌లో ఎక్కడ పడితే అక్కడ మారుస్తుంటారు.

దీనికి స్టేట్ మెషిన్, అంటే రికార్డు ఏ దశలో ఉందో, అక్కడి నుంచి ఏ దశకి వెళ్ళొచ్చో తేల్చే పద్ధతి, పెట్టుకోవాలి అనగానే చాలామంది లైబ్రరీ వెతుకుతారు, లేదా మన చిన్న యాప్‌కి అంత అవసరమా అని వదిలేస్తారు. రెండూ అక్కర్లేదు. బీటెక్‌లో డిజిటల్ ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్ళకి మీలీ, మూర్ మెషిన్లు గుర్తుండే ఉంటాయి, 1955, 56 నాటి సంగతులవి. 1987లో డేవిడ్ హారెల్ స్టేట్‌చార్ట్స్ అని దాన్ని ఇంకా పెంచాడు, ఒక స్టేట్ లోపల ఇంకో స్టేట్, పక్కపక్కనే నడిచే స్టేట్‌లు వగైరా. మన ఆర్డర్ టేబుల్‌కి వాటిలో అవసరమైంది చాలా తక్కువ: రికార్డు ఎప్పుడూ ఒకే ఒక్క స్టేట్‌లో ఉండాలి, ఏ స్టేట్ నుంచి ఏ స్టేట్‌కి వెళ్ళొచ్చో ఒకచోట రాసి ఉండాలి, ఆ రాతను దాటి ఎవరూ స్టేట్ మార్చలేకపోవాలి. మొదటి రెండూ అందరూ చేస్తారు. మూడోదే సరిగ్గా చెయ్యరు, అందుకే ఈ గైడ్‌లో ఎక్కువ భాగం దాని మీదే.

1. ముందు కాగితం, తర్వాత కోడ్

కంప్యూటర్ ముందు కూర్చునే ముందు, ఆ పని నిజంగా చేసేవాళ్ళ దగ్గర కూర్చోండి. ప్యాకింగ్ చేసేవాళ్ళు, కొరియర్‌కి ఇచ్చేవాళ్ళు, కస్టమర్ ఫోన్లు ఎత్తేవాళ్ళు. వాళ్ళు వాడే మాటలే స్టేట్‌ల పేర్లు కావాలి, అప్పుడే రేపు వాళ్ళు ఫోన్ చేసి "సార్, ఇది ప్యాక్డ్‌లో ఆగిపోయింది" అంటే మీరు నేరుగా ఆ రో దగ్గరికి వెళ్ళగలరు.

ఇక్కడ ఒక తేడా పట్టుకోవాలి. స్టేట్ అంటే రికార్డు అక్కడ కాసేపు ఆగి ఉండగలిగేది. ఈవెంట్ అంటే జరిగిపోయేది. 'కస్టమర్ పే బటన్ నొక్కాడు' అనేది ఈవెంట్, 'పేమెంట్ కోసం ఎదురుచూస్తోంది' అనేది స్టేట్. ఈ రెండూ కలిపేస్తే పదిహేను ఇరవై స్టేట్‌లు పుట్టుకొస్తాయి, వాటిలో సగం ఒక్క మిల్లీసెకండ్ కూడా నిలవనివి. ఏదైనా స్టేట్ మీద అనుమానం వస్తే ఒకటే అడగండి: ఈ రాత్రి సర్వర్ ఆగిపోయి పొద్దున లేస్తే రికార్డు ఈ స్టేట్‌లో ఉండటానికి అర్థముందా? లేదంటే తీసెయ్యండి.

మన పచ్చళ్ళ ఆర్డర్‌కి నేను ఏడు పెడతాను: పెండింగ్, పెయిడ్, ప్యాక్డ్, షిప్డ్, డెలివర్డ్, క్యాన్సిల్డ్, రిటర్న్డ్. చివరిది కొరియర్ వాళ్ళు ఆర్‌టీఓ (రిటర్న్ టు ఆరిజిన్) అనేది, ఇంట్లో ఎవరూ లేక పార్సిల్ మన దగ్గరికే తిరిగొచ్చిన కేసు.

మరి రిఫండెడ్ ఏదీ అంటారా? కావాలనే పెట్టలేదు. డబ్బు కథ వేరు, సరుకు కథ వేరు. రేజర్‌పే లాంటి గేట్‌వేలో పేమెంట్‌కి దాని స్టేట్‌లు దానికున్నాయి: క్రియేటెడ్, ఆథరైజ్డ్ (బ్యాంకు సరే అన్నది), క్యాప్చర్డ్ (డబ్బు తీసుకున్నది), రిఫండెడ్, ఫెయిల్డ్. మూడు సీసాల ఆర్డర్‌లో ఒకటి పగిలిందని ఆ ఒక్కదానికే డబ్బు వెనక్కిచ్చారనుకోండి, ఆర్డర్ మాత్రం డెలివర్డ్‌గానే ఉంటుంది. ఈ రెంటినీ ఒకే కాలమ్‌లో ఇరికిస్తే 'డెలివర్డ్ కానీ కొంత రిఫండ్', 'క్యాన్సిల్డ్ కానీ రిఫండ్ పెండింగ్' లాంటి జంట పేర్లు మొదలవుతాయి. స్టేట్ పేరులో 'కానీ' వచ్చిందంటే అక్కడ రెండు మెషిన్లు ఉన్నాయని గుర్తు. పేమెంట్లకి వేరే టేబుల్, దానికి దాని స్టేటస్ కాలమ్ పెట్టండి.

2. బాణాలు రాయండి

పెండింగ్ → పెయిడ్, క్యాన్సిల్డ్
పెయిడ్ → ప్యాక్డ్, క్యాన్సిల్డ్
ప్యాక్డ్ → షిప్డ్, క్యాన్సిల్డ్
షిప్డ్ → డెలివర్డ్, రిటర్న్డ్
డెలివర్డ్ → ఏమీ లేదు
క్యాన్సిల్డ్ → ఏమీ లేదు
రిటర్న్డ్ → ఏమీ లేదు

ఏడు స్టేట్‌ల మధ్య 42 రకాల మార్పులు సాధ్యం, మనం ఒప్పుకున్నవి 8. ఈ ఏడు లైన్లూ కోడ్‌లో ఒక డిక్షనరీ లేదా హ్యాష్ రూపంలో, మోడల్ ఫైల్‌లోనే పైన పెట్టండి, కొత్తగా చేరినవాళ్ళు ఫైల్ తెరవగానే కనబడేలా. అడ్మిన్ పేజీలో బటన్లు కూడా దీన్నుంచే రావాలి. ప్యాక్డ్ ఆర్డర్ తెరిస్తే 'షిప్ చెయ్యి', 'క్యాన్సిల్ చెయ్యి' అనే రెండే బటన్లు, అంతే. బటన్ల కోసం టెంప్లేట్‌లో మళ్ళీ వేరే ఇఫ్‌లు రాశారంటే రెండు జాబితాలు తయారై, ఏదో ఒక రోజు ఒకటి మారి ఇంకొకటి మారదు.

ఈ బాణాలు రాస్తున్నప్పుడే అసలు ప్రశ్నలు బయటికొస్తాయి. ఉదాహరణకి, అరగంటలో డబ్బు రాకపోతే పెండింగ్ ఆర్డర్‌ని మనం క్యాన్సిల్ చేస్తాం అనుకుందాం. యూపీఐలో అకౌంట్ నుంచి డబ్బు కట్ అయి, మనకి కబురు ఆలస్యంగా రావడం అందరికీ తెలిసిందే. క్యాన్సిల్ చేసేశాక 'పేమెంట్ సక్సెస్' అని వెబ్‌హుక్ (గేట్‌వే మన సర్వర్‌కి తనే పంపే కబురు) వస్తే ఏం చెయ్యాలి? క్యాన్సిల్డ్ నుంచి పెయిడ్‌కి బాణం గీయొచ్చు, కానీ అప్పటికే స్టాక్ ఇంకొకరికి ఇచ్చేసి ఉంటాం. నేనైతే గీయను. ఆర్డర్ క్యాన్సిల్డ్‌గానే ఉంటుంది, పేమెంట్ రికార్డు మాత్రం క్యాప్చర్డ్ అవుతుంది, 'క్యాన్సిల్డ్ ఆర్డర్ మీద క్యాప్చర్డ్ పేమెంట్' అనే జత కనబడగానే రిఫండ్ పని మొదలవుతుంది. మీ వ్యాపారానికి ఇంకో జవాబు సరిపోవచ్చు. కానీ ఆ జవాబు మీరు కూర్చుని తేల్చింది కావాలి, రాత్రి రెండింటికి వెబ్‌హుక్ కోడ్ దానంతట అది తేల్చింది కాకూడదు.

3. కాలమ్ ఏ రకం పెట్టాలి

మామూలు టెక్స్ట్ కాలమ్, నాట్ నల్ (విలువ లేకుండా ఉండకూడదు), డిఫాల్ట్ విలువ 'పెండింగ్', దాని మీద ఆ ఏడు విలువలకే ఒప్పుకునే చెక్ కన్‌స్ట్రెయింట్. నా సలహా ఇదే.

నాట్ నల్ మర్చిపోవద్దు, ఎందుకంటే చెక్‌లో రాసిన షరతు నల్ అని తేలితే డేటాబేస్ దాన్ని పాస్ కిందే లెక్కేస్తుంది. అంటే ఏడు విలువల జాబితా ఎంత పక్కాగా రాసినా నల్ దర్జాగా లోపలికొచ్చేస్తుంది. మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్ళు వెర్షన్ చూసుకోండి: 8.0.16 కంటే ముందు అది చెక్‌ని చదివి, ఏ ఎర్రరూ ఇవ్వకుండా పక్కన పడేసేది.

పోస్ట్‌గ్రెస్‌లో ఈనమ్ టైప్ (ముందే చెప్పిన విలువలే తీసుకునే రకం) కూడా ఉంది. కొత్త విలువ చేర్చడం తేలిక, పేరు మార్చొచ్చు, కానీ ఒకసారి పెట్టిన విలువని తీసెయ్యడానికి కమాండ్ లేదు, కొత్త టైప్ చేసి కాలమ్ మొత్తం దానికి మార్చాలి. స్టేట్‌లు మొదటి ఏడాదిలో మారుతూనే ఉంటాయి కాబట్టి నాకు చెక్ కన్‌స్ట్రెయింటే హాయి. ఇక అంకెలుగా దాచడం. రూబీ ఫ్రేమ్‌వర్క్ రెయిల్స్‌లో 4.1 నుంచి ఉన్న ఈనమ్‌కి మీరు ఉత్త అర్రే ఇస్తే, వరసలో స్థానాన్ని బట్టి 0, 1, 2 అని దాస్తుంది. ఎవరైనా మధ్యలో కొత్త స్టేట్ దూర్చారంటే ఆ కింద ఉన్నవన్నీ ఒక అంకె జరుగుతాయి, పాత రోలన్నీ ఒక్క డిప్లాయ్‌తో వేరే స్టేట్‌లోకి మారిపోయినట్టు కనబడతాయి. అంకెలే కావాలంటే ఏ పేరుకి ఏ అంకో హ్యాష్‌లో విడిగా రాయండి. అయినా డేటాబేస్ తెరిచి చూసినప్పుడు 3 అని కాక 'షిప్డ్' అని కనబడటంలో ఉన్న సుఖం వేరు.

4. ఒకటే దారి

స్టేటస్ మార్చే పని మొత్తం అప్లికేషన్‌లో ఒకే ఫంక్షన్ చెయ్యాలి. ఏ ఆర్డర్, ఏ స్టేట్‌కి, ఎవరు మారుస్తున్నారు, ఎందుకు, ఈ నాలుగూ అది తీసుకుంటుంది. బయటివాళ్ళకి కనబడేవి మాత్రం పని పేర్లతో ఉన్న మెథడ్‌లు: ప్యాక్ చెయ్యి, షిప్ చెయ్యి, క్యాన్సిల్ చెయ్యి. అవన్నీ లోపల ఈ ఒక్క ఫంక్షన్‌నే పిలుస్తాయి. కోడ్‌లో స్టేటస్‌కి నేరుగా విలువ ఇచ్చే లైన్లన్నీ వెతికి తీసెయ్యండి, కోడ్ రివ్యూలో అలాంటి లైన్ కనబడితే ఆపెయ్యండి.

ఇప్పుడు ఆ ఫంక్షన్ లోపల ఏముండాలి అన్నది. చాలామంది రాసేది ఇలా ఉంటుంది: ఆర్డర్ చదువు, దాని స్టేటస్ ప్యాక్డ్ అవునో కాదో చూడు, అవునంటే షిప్డ్ అని మార్చి సేవ్ చెయ్యి. చూడ్డానికి బాగుంది, ఒక్కరే వాడుతున్నంతసేపు పనిచేస్తుంది కూడా. గోడౌన్‌లో ఒకరు షిప్ నొక్కిన క్షణంలోనే కస్టమర్ తన ఫోన్‌లో క్యాన్సిల్ నొక్కాడనుకోండి. రెండు రిక్వెస్టులూ చదివినప్పుడు స్టేటస్ ప్యాక్డే. రెండూ బాణాల పట్టిక చూసుకున్నాయి, రెంటికీ అనుమతి ఉంది. రెండూ సేవ్ చేశాయి. ఆఖర్న రాసినవాళ్ళది నిలిచింది. పార్సిల్ బయల్దేరింది, రికార్డులో క్యాన్సిల్డ్. స్టేట్ మెషిన్ పెట్టి కూడా బూలియన్ల నాటి రోగం తిరిగొచ్చింది.

మందు చిన్నదే. చూడటం, మార్చడం రెండు పనులుగా కాకుండా ఒకే అప్‌డేట్ స్టేట్‌మెంట్‌లో పెట్టాలి. మాటల్లో చెబితే:

ఆర్డర్ల టేబుల్‌లో
ఐడీ 4127 అయి, స్టేటస్ ఇప్పటికీ 'ప్యాక్డ్' అయి ఉన్న రోని
స్టేటస్ 'షిప్డ్' గా మార్చు;
ఎన్ని రోలు మారాయో చెప్పు.

పాత స్టేటస్ కూడా వేర్ క్లాజ్‌లో ఉండటమే ఇక్కడ కీలకం. జవాబు 1 అయితే మార్పు మనదే. 0 అయితే మనకంటే ముందు ఎవరో మార్చేశారు. పోస్ట్‌గ్రెస్‌లో డిఫాల్ట్ అయిన రీడ్ కమిటెడ్ (కమిట్ అయిన, అంటే ఖరారైన డేటానే చూపే పద్ధతి)లో, రెండో అప్‌డేట్ ఆ రో లాక్ కోసం ఆగుతుంది, మొదటిది కమిట్ అయ్యాక వేర్ షరతుని కొత్త రో మీద మళ్ళీ సరిచూస్తుంది, ప్యాక్డ్ కాదని తేలి 0 అని చెబుతుంది. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలోనూ అప్‌డేట్ తాజా కమిట్ అయిన రోనే చూస్తుంది కాబట్టి ఫలితం అదే. వేరే లాక్ సర్వర్లూ, రెడిస్సూ ఏమీ అక్కర్లేదు.

పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో ఫిల్టర్ పెట్టి అప్‌డేట్ పిలిస్తే ఎన్ని రోలో తిరిగి ఇస్తుంది, రెయిల్స్‌లో అప్‌డేట్ ఆల్ కూడా అంతే. ఒక్కటి గమనించండి, ఈ రెండూ మోడల్ కాల్‌బ్యాక్‌లని, వ్యాలిడేషన్లని దాటేసి నేరుగా డేటాబేస్‌కి వెళ్తాయి, 'చివరిగా మారిన సమయం' కాలమ్‌ని కూడా మీరే అదే స్టేట్‌మెంట్‌లో రాయాలి. మార్చే ముందు ఇంకా వేరే టేబుళ్ళు చూడాల్సి ఉంటే, స్టాక్ లాంటివి, అప్పుడు ట్రాన్సాక్షన్ (అన్నీ కలిసి జరిగే, లేదా ఏదీ జరగని మార్పుల గుంపు) మొదలుపెట్టి సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌తో ఆ రోని పట్టుకుని, అన్నీ చూసుకుని మార్చండి.

0 వచ్చినప్పుడు ఏం చెయ్యాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. రోని మళ్ళీ చదవండి. మనం వెళ్ళాలనుకున్న స్టేట్‌లోనే అది ఇప్పటికే ఉంటే, ఇది మళ్ళీ వచ్చిన వెబ్‌హుక్ కావచ్చు. గేట్‌వేలు ఒకే కబురు రెండుసార్లు పంపుతాయి, వరస తప్పి కూడా పంపుతాయి, స్ట్రైప్ అయితే వరసకి గ్యారంటీ లేదని తన డాక్యుమెంట్లలోనే చెబుతుంది. అలాంటప్పుడు మౌనంగా సరే అనేసి, మెసేజ్‌లు మాత్రం మళ్ళీ పంపకుండా ఊరుకోవాలి. వేరే స్టేట్‌లో ఉంటే మాత్రం స్పష్టమైన ఎర్రర్: 'ఈ ఆర్డర్ ఇప్పటికే క్యాన్సిల్ అయింది' అని గోడౌన్ స్క్రీన్ మీద అర్థమయ్యే తెలుగులో కనబడాలి, 500 ఎర్రర్ పేజీ కాదు.

5. చరిత్ర దాచండి

ఆర్డర్ ఐడీ, ఏ స్టేట్ నుంచి, ఏ స్టేట్‌కి, ఎవరు, కారణం, ఎప్పుడు. ఈ ఆరు కాలమ్‌లతో ఒక టేబుల్. స్టేటస్ మార్చిన ట్రాన్సాక్షన్‌లోనే ఇందులో ఒక రో చేర్చాలి, రెండూ కలిసే జరగాలి లేదా రెండూ జరగకూడదు. ఇందులో రోలు చేర్చడమే తప్ప మార్చడం, తీసెయ్యడం ఉండదు. 'ఎవరు' అన్నచోట మనిషి ఐడీ ఒక్కటే కాదు, వెబ్‌హుక్, రాత్రి నడిచే జాబ్ కూడా రావచ్చు కాబట్టి దానికి తగ్గట్టు పెట్టండి. కస్టమర్ గొడవకి వచ్చినప్పుడు మీకు దొరికే ఏకైక సాక్ష్యం ఇదే, దీన్ని రెండో విడతలో చూద్దాంలే అని వాయిదా వెయ్యకండి, తర్వాత పెడితే పాత చరిత్ర ఎక్కడి నుంచీ రాదు.

6. ఎస్ఎంఎస్‌లు, కొరియర్ బుకింగ్‌లు ట్రాన్సాక్షన్ బయట

స్టేట్ మారగానే ఏదో ఒకటి చెయ్యాలి: కస్టమర్‌కి మెసేజ్, కొరియర్ ఏపీఐకి కాల్. వీటిని ట్రాన్సాక్షన్ లోపల పెడితే రెండు ఇబ్బందులు. మెసేజ్ వెళ్ళాక ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ (రద్దు) అయితే జరగని పని జరిగిందని కస్టమర్‌కి చెప్పినట్టవుతుంది. కొరియర్ ఏపీఐ పదిహేను సెకన్లు తీసుకుంటే అంతసేపూ ఆ రో లాక్‌లో ఉంటుంది. కాబట్టి కమిట్ అయ్యాకే: రెయిల్స్‌లో ఆఫ్టర్ కమిట్, జాంగోలో ఆన్ కమిట్ ఉన్నది ఇందుకే.

అయినా చిన్న సందు మిగులుతుంది. కమిట్ అయింది, మెసేజ్ పంపేలోపు ప్రాసెస్ చచ్చిపోయింది. ఎస్ఎంఎస్ పోతే సర్దుకోవచ్చు, కొరియర్ బుకింగ్ పోతే కుదరదు. అలాంటి ముఖ్యమైన పనులకి అవుట్‌బాక్స్ టేబుల్ పెట్టండి: 'ఈ ఆర్డర్‌కి కొరియర్ బుక్ చెయ్యాలి' అన్న రోని స్టేటస్ మార్పుతో పాటు అదే ట్రాన్సాక్షన్‌లో రాసి, వెనక నడిచే వర్కర్ ఒకటి దాన్ని తీసుకుని పని పూర్తిచేసి టిక్ పెడుతుంది. వర్కర్ కూడా మధ్యలో పడిపోయి అదే పని రెండోసారి చెయ్యొచ్చు కాబట్టి ఆ పనికి ఒక ఐడెంపొటెన్సీ కీ (అదే పని మళ్ళీ వచ్చిందని పట్టించే గుర్తు) ఉండాలి, అవుట్‌బాక్స్ రో ఐడీనే వాడుకోండి.

7. స్టేట్‌తో పాటు ఉండాల్సిన డేటా

షిప్డ్ అంటే ట్రాకింగ్ నంబర్ ఉండి తీరాలి కదా. దాన్ని కోడ్‌లో చూసుకోవడంతో ఆగకుండా చెక్ కన్‌స్ట్రెయింట్‌గా రాయండి: స్టేటస్ షిప్డ్, డెలివర్డ్, రిటర్న్డ్‌లలో ఏదీ కాకూడదు, లేదా ట్రాకింగ్ నంబర్ నల్ కాకూడదు. అడ్మిన్ ఎవరో నేరుగా ఎస్‌క్యూఎల్ నడిపినా ఇది కాపు కాస్తుంది.

బాణాలని మాత్రం చెక్‌తో కాపాడలేం, దానికి రో పాత విలువ తెలీదు. ఒకే డేటాబేస్‌లో రెండు మూడు అప్లికేషన్లు రాస్తుంటే, పాతదీ కొత్తదీ పోల్చి తప్పైతే ఎర్రర్ ఇచ్చే చిన్న ట్రిగ్గర్ (రో మారినప్పుడు డేటాబేస్ దానంతట అదే నడిపే కోడ్) పెట్టుకోవచ్చు. ఒకే అప్లికేషన్ అయితే పైన నాలుగో భాగంలో చెప్పిన ఒకే ఫంక్షన్ చాలు.

8. ఇప్పటికే నడుస్తున్న టేబుల్‌కి పెట్టడం

ముందుగా ఆ నాలుగు బూలియన్ల మీద గ్రూప్ బై వేసి, ఏ కలయికలో ఎన్ని రోలున్నాయో చూడండి. అర్థంలేని కలయికలు తప్పకుండా ఉంటాయి, వాటిని మనిషే కూర్చుని ఒక్కొక్కటిగా తేల్చాలి. ఇక్కడ స్క్రిప్ట్‌తో గుడ్డిగా మార్చడం వద్దు, వాటి వెనక నిజమైన డబ్బు, నిజమైన పార్సిల్ ఉన్నాయి.

తర్వాత స్టేటస్ కాలమ్‌ని నల్‌కి ఒప్పుకునేలా చేర్చండి. కొత్త కోడ్ రెండుచోట్లా రాసేలా డిప్లాయ్ చెయ్యండి, అంటే పాత బూలియన్లు, కొత్త స్టేటస్ రెండూ. పాత రోలని విడతలు విడతలుగా నింపండి, ఆఖరి అడుగు నుంచి వెనక్కి చూస్తూ: క్యాన్సిల్ అయిందా, లేదంటే పంపామా, లేదంటే ప్యాక్ అయిందా, అలా. డెలివరీ సంగతి పాత బూలియన్లలో లేదు కాబట్టి ఎప్పుడో పంపినవి డెలివర్డా రిటర్న్డా అన్నది కొరియర్ రికార్డుల నుంచి తెచ్చుకోవాలి. చెక్ కన్‌స్ట్రెయింట్‌ని పోస్ట్‌గ్రెస్‌లో మొదట నాట్ వ్యాలిడ్ అని చేర్చి, తర్వాత విడిగా వ్యాలిడేట్ చేస్తే, పాత రోలు సరిచూసే ఆ సమయంలో మామూలు చదవడం, రాయడం ఆగవు. అంతా సర్దుకున్నాక చదివే కోడ్‌ని స్టేటస్‌కి మార్చి, నాట్ నల్ పెట్టి, కొన్నాళ్ళాగి బూలియన్లు తీసెయ్యండి.

తర్వాతెప్పుడైనా కొత్త స్టేట్ చేర్చాల్సి వస్తే చెక్ కన్‌స్ట్రెయింట్‌నీ, దాన్ని చదివి అర్థం చేసుకునే కోడ్‌నీ ముందు డిప్లాయ్ చెయ్యండి, రాసే కోడ్‌ని ఆ తర్వాత. తిప్పి చేస్తే కొత్త సర్వర్ రాసిన స్టేట్‌ని పాత సర్వర్ గుర్తుపట్టక క్రాష్ అవుతుంది.

9. టెస్టులు

ఏడు ఇంటూ ఏడు, 49 జతల మీద లూప్ తిప్పండి, సరిగ్గా 8 పాస్ అవ్వాలి, ఉన్న స్టేట్‌కే మళ్ళీ వెళ్ళే 7 ఏమీ మార్చకుండా మౌనంగా సరే అనాలి, మిగతా 34 ఎర్రర్ ఇవ్వాలి. ఆ 8ని టెస్టులో విడిగా చేత్తో రాయండి, మోడల్‌లోని డిక్షనరీనే వాడితే టెస్టు తనని తానే మెచ్చుకుంటుంది. ఇంకొకటి, రెండు వేర్వేరు డేటాబేస్ కనెక్షన్లతో ఒకే ఆర్డర్‌ని ఒకరు షిప్, ఒకరు క్యాన్సిల్ చేసే టెస్టు. ఎవరు గెలిచినా ఫర్వాలేదు, ఒక్కరే గెలవాలి, చరిత్ర టేబుల్‌లో ఒక్క రోనే చేరాలి.

10. లైబ్రరీ ఎప్పుడు

రెయిల్స్‌లో ఏఏఎస్ఎం, జాంగోలో జాంగో ఎఫ్ఎస్ఎం, లారవెల్‌లో స్పాటీ వాళ్ళ మోడల్ స్టేట్స్ ఉన్నాయి. పేమెంట్ల కంపెనీ గోకార్డ్‌లెస్ తయారుచేసిన స్టేట్స్‌మన్ అయితే చరిత్ర టేబుల్‌ని కేంద్రంగా పెట్టుకున్నది, డబ్బు వ్యవహారాలకి దాని పద్ధతి చదివి చూడదగ్గది. గార్డులు (మార్పుకి ముందు చూసే షరతులు), కాల్‌బ్యాక్‌లు (మార్పుతో పాటు నడిచే కోడ్) పెరిగి, మోడళ్ళు నాలుగైదు అయ్యాక ఇవి పనికొస్తాయి. ఏది తీసుకున్నా ఒకటి పరీక్షించండి: నాలుగో భాగంలో చెప్పిన షిప్, క్యాన్సిల్ పోటీని అది ఆపుతుందా లేదా. డిఫాల్ట్‌గా ఆపుతుందని అనుకోవద్దు, పై టెస్టు రాసి చూసుకోండి. ఫ్రంట్‌ఎండ్‌లో స్క్రీన్ల ప్రవాహానికైతే ఎక్స్‌స్టేట్ మంచిది, అది హారెల్ స్టేట్‌చార్ట్స్ దారిలో వచ్చినది.

11. ఆగిపోయినవి పట్టుకోవడం

స్టేట్ మెషిన్ తప్పు కదలికని ఆపుతుంది, కదలాల్సింది కదలకపోతే దానికేమీ తెలీదు. అందుకని ఒక్కో స్టేట్‌లో ఎన్ని ఆర్డర్లు ఎంతసేపటి నుంచి ఉన్నాయో రోజూ చూసే క్వెరీ ఒకటి పెట్టుకోండి. చరిత్ర టేబుల్‌లో ఆఖరి రో సమయం చూస్తే సరిపోతుంది, ఇంకా ఏ మార్పూ జరగని పెండింగ్‌కి ఆర్డర్ పెట్టిన సమయం చూడండి. పోస్ట్‌గ్రెస్‌లో ఇంకా ముగియని ఆర్డర్ల మీదే పార్షియల్ ఇండెక్స్ (కొన్ని రోలకే వేసే సూచిక) వేస్తే, డెలివర్డ్ అయిపోయిన లక్షల రోలు అడ్డు రాకుండా ఇది చటుక్కున నడుస్తుంది. స్టేట్‌కో గడువు పెట్టండి: పెండింగ్‌కి అరగంట, పెయిడ్‌కి ఒక రోజు. షిప్డ్‌కి మాత్రం గమ్యాన్ని బట్టి పెట్టాలి. విజయవాడ వెళ్ళే ఆవకాయకీ, డల్లాస్ వెళ్ళే ఆవకాయకీ ఒకే గడువు పెట్టారంటే రోజూ వచ్చే అలర్టుల్లో ఎక్కువ భాగం అమెరికా పార్సిళ్ళవే అవుతాయి, వారం తిరిగేసరికి వాటిని చూసేవాళ్ళుండరు, విజయవాడలో నిజంగా తప్పిపోయిన పార్సిల్ ఆ గుంపులోనే కలిసిపోతుంది.